డీజిలు బండిలో ఇంధనపు లీకులు: కనుగొనుట, సరిచేయుట

పూర్వము రైతు తన పంటను సంతకు చేర్చుటకు ఎడ్లబండిని నమ్ముకొనియుండెను. ఇరుసునకు కందెన వేయుట, చక్రపు పట్టా వదులైనదేమో చూచుకొనుట తండ్రి కొడుకునకు నేర్పెడి పనులు. నేడు టమాటా, మిరప, అరటి, పాలు అన్నియు డీజిలు పికప్ ట్రక్కులపై పోవుచున్నవి. బండి మారినది. బయలుదేరుటకు ముందు దానిచుట్టు ఒకసారి తిరిగి చూచుకొను అలవాటు మాత్రము మనలో పలువురకు తప్పిపోయినది.

2023 వేసవిలో మా ప్రాంతపు రైతు ఒకరు టమాటా క్రేట్లు నింపుకొని తెల్లవారకముందే మదనపల్లె మార్కెట్టునకు బయలుదేరెను. రహదారిపై ఎక్కుడు వచ్చినప్పుడెల్ల ఇంజను ఉక్కిరిబిక్కిరియై ఆగిపోయెను. చేతిపంపు కొట్టి మరల నడుపుట, మరల ఆగుట, ఈ విధముగా మూడు పర్యాయములు జరిగెను. బండి చేరునప్పటికి వేలము ముగిసెను. అంతకు ముందు రెండు వారములలో ఒక మెకానిక్కు రెండుసార్లు "గాలి పట్టినది" అని గాలి తీసి పంపియుండెను. గాలి పట్టిన మాట నిజమే. అయితే ఆ గాలి ఎచ్చటనుండి వచ్చుచున్నదో ఎవరును వెదకలేదు. తుదకు చూడగా, టాంకునుండి వచ్చు రబ్బరు గొట్టమునకు క్లిప్పు క్రింద వెంట్రుకవంటి బీట ఒకటి యుండెను. నేలమీద ఒక్క చుక్కయైనను పడలేదు. ఆ గొట్టపు ముక్క వెల ఒక క్రేటు టమాటా వెలకంటె తక్కువ.

లీకు అనగా చుక్క కారుట మాత్రమే కాదని రైతు సోదరులు మొదట గ్రహింపవలెను.

డీజిలు నడచు దారి

పికప్ బండిలో టాంకు ఛాసిస్ క్రింద, ఇంజనునకు వెనుక, పల్లముగా నుండును. అచ్చటనుండి డీజిలును ఫీడు పంపు పీల్చి, ఫిల్టరుగుండ ఇంజెక్షను పంపునకు అందించును. ఈ పంపు దానిని మిక్కిలి ఒత్తిడితో ఉక్కు గొట్టములద్వారా ఇంజెక్టర్లకు పంపును. మిగిలిన డీజిలు సన్నని రిటర్ను గొట్టముద్వారా టాంకునకు తిరిగి చేరును. కొన్ని క్రొత్త బండ్లలో ఫీడు పంపు పెద్ద పంపులోనే అమరియుండి, ఫిల్టరు దానికి ముందు, అనగా పీల్చు వైపుననే యుండును.

పంపు దాటిన పిమ్మట ఒత్తిడి యుండును గనుక, అచ్చట చిల్లు పడిన డీజిలు బయటికి వచ్చును. పంపునకు ముందు పీల్పు ఉండును గనుక, అచ్చట చిల్లు పడిన గాలి లోనికి పోవును. మొదటిది కంటికి కనబడును. రెండవది ఇంజను నడకలో మాత్రమే తెలియును. ఏ లీకునకైనను ముందుగా ఇది ఏ వైపుదని ప్రశ్నించుకొనిన సగము పని తీరును.

చేయి పెట్టుటకు ముందు

పాత తరహా ఇంజనులో ఇంజెక్టరు తెరచుకొను ఒత్తిడి దాదాపు 200 బార్లు. నేటి కామన్ రైలు ఇంజనులలో ఇది 1,600 బార్లు, అంతకు మించియు నుండును. ఒక బారనగా ఇంచుమించు మనచుట్టునున్న గాలి ఒత్తిడితో సమానము. ఇంత బలముతో సూదిమొనవంటి చిల్లునుండి వచ్చు ధార కంటికి సరిగా కనబడదు, చర్మమును మాత్రము దూసుకొని పోవును. గాయము దోమకాటువలె చిన్నదిగా కనిపించి, మొదట నొప్పియు తక్కువగా నుండవచ్చును. కొన్ని గంటలలో చేయి వాచి, లోపలి కండ చెడి, వ్రేలు తీసివేయవలసిన స్థితి రావచ్చును. ఇట్లు జరిగినచో తెల్లవారనిమ్మని ఆగక వెంటనే పెద్ద ఆసుపత్రికి పోయి, డీజిలు ఒత్తిడితో లోనికి పోయినదని వైద్యునకు స్పష్టముగా చెప్పవలెను.

కావున నడచుచున్న ఇంజనుపై లీకును వ్రేళ్లతో తడిమి వెదకరాదు. పొడవాటి అట్టముక్కను దూరమునుండి గొట్టముల దగ్గరకు చూపిన, ధార తగిలినచోట అట్ట తడియును. కామన్ రైలు బండిలో పంపు, రైలు, ఇంజెక్టర్ల మధ్యనున్న ఉక్కు గొట్టముల నట్లను రైతు విప్పరాదు. ఆ పని తగిన పనిముట్లున్న వర్కుషాపునకే విడువవలెను.

డీజిలు పెట్రోలువలె తొందరగా అంటుకొనదను మాట నిజము. అయితే మన దేశపు ప్రమాణములో డీజిలు ఆవిరి అంటుకొనగల కనీస ఉష్ణోగ్రత 35 సెంటిగ్రేడు డిగ్రీలు మాత్రమే. మన వేసవి దానిని ఎప్పుడో దాటును. వేడెక్కిన సైలెన్సరుపై పడిన చుక్క బండినే దహింపగలదు. బీడి, దీపము, వెల్డింగు దరిచేరనీయక, బ్యాటరీ తీగను విప్పి, ఇంజను చల్లారిన పిమ్మటనే పని మొదలిడవలెను.

చుక్క కారు చోటును కనుగొనుట

తడిసిన మురికిపై లీకును వెదకుట వృథా. మొదట ఇంజనును, గొట్టములను, టాంకును శుభ్రముగా తుడిచి ఆరనీయవలెను. అనుమానమున్న ప్రతి అతుకునకు తెల్ల కాగితపు ముక్క చుట్టవలెను. నడచుచున్న ఇంజనులో తిరుగు బెల్టు, ఫ్యాను దగ్గర మాత్రము కాగితము చుట్టరాదు. పిమ్మట మూడు స్థితులలో పరీక్షింపవలెను.

మొదటిది, ఇంజను ఆగియున్నప్పుడు. రాత్రి బండి క్రింద పాత వార్తాపత్రికలు పరచి, ముందు చక్రము వైపు గుర్తు పెట్టవలెను. ఉదయమున మరక ఏ భాగము క్రింద నున్నదో తెలియును. అది టాంకు, దాని అడుగు ప్లగ్గు, లేక ఫిల్టరు అడుగున నీరు వదలు మరయై యుండును.

రెండవది, ఇంజను నడువక చేతిపంపు కొట్టునప్పుడు. ఇప్పుడు తడి కనిపించిన లోపము చేతిపంపు దాటిన పిమ్మటనున్న తక్కువ ఒత్తిడి భాగములో, అనగా ఫిల్టరు రబ్బరు రింగు, బాంజో బోల్టు, గాలి తీయు స్క్రూ వీనిలో నున్నది.

మూడవది, ఇంజను నెమ్మదిగా నడచునప్పుడు. ఇప్పుడే తడి కనిపించిన లోపము ఎక్కువ ఒత్తిడి గొట్టములదో, రిటర్ను గొట్టములదో యగును. ఇచ్చట దూరమునుండి చూచుటయే గాని ముట్టుట కూడదు.

చుక్క పడిన చోటు లీకైన చోటు కాకపోవచ్చును. డీజిలు గొట్టము వెంట జారి పల్లమున చుక్కయగును. బండి పరుగులో గాలికి వెనుకకు చిమ్మును. కావున తడిసిన చోట్లలో అన్నిటికంటె ఎత్తైనదానిని, అన్నిటికంటె ముందున్నదానిని పట్టుకొనవలెను.

గాలి పీల్చు చోటును కనుగొనుట

దీని లక్షణములు ఇవి: ఉదయము ఇంజను చాలసేపు సెల్ఫు కొట్టినగాని కదలదు; కదలినను కొద్ది నిముషములలో ఆగును; నిండు టాంకుతో చక్కగా నడచి, పావు టాంకు వచ్చుసరికి మొరాయించును; బరువుతో ఎక్కుడు ఎక్కునప్పుడు బలము తగ్గును. రాత్రి బండి ముందుభాగము పల్లమునకు నిలిపిన ఉదయము సులభముగా స్టార్టు అయి, మిట్టకు నిలిపిన కష్టపడుచున్నచో అనుమానము బలపడును. చిల్లుగుండ గాలి చొరబడి, గొట్టములోని డీజిలు రాత్రికి టాంకులోనికి జారిపోవుటయే ఇందుకు కారణము.

మొదట టాంకు మూత తీసి చూడవలెను. తీయగానే బుస్సుమని గాలి లోనికి పోయినచో మూతలోని ఊపిరి రంధ్రము మట్టితో మూసుకొనిపోయినదని అర్థము. దానిని శుభ్రపరచిన చాలును, మరియొక మందు అక్కరలేదు.

మూత బాగున్నచో, పంపునకు ముందు డీజిలునకు తగిన పారదర్శకమైన గొట్టపు ముక్కను తాత్కాలికముగా అమర్చి ఇంజను నడుపవలెను. మొదట ఒకటి రెండు బుడగలు వచ్చి ఆగిన చింత లేదు. ఎడతెగక వచ్చుచున్నచో వెనుక ఎచ్చటనో గాలి చొరబడుచున్నది. ఆ ముక్కను ఒక్కొక్క అతుకు చొప్పున టాంకు వైపునకు జరుపుచు పోయిన, బుడగలు కనబడుట మానిన చోటునకు, అంతకు ముందు కనబడిన చోటునకు మధ్యనే లోపము దొరకును.

సరిచేయు విధము

రబ్బరు గొట్టము: బీటలు ఎక్కువగా క్లిప్పు క్రిందనే పడును. క్లిప్పును ఇంకను బిగించుట మందు కాదు, బీట పెరుగును. గొట్టము పొడవు చాలినచో చెడిన కొసను కోసి తిరిగి తొడుగవచ్చును, లేనిచో మార్చవలెను. నీటి గొట్టము, సైకిలు ట్యూబు పనికిరావు. అవి డీజిలునకు ఉబ్బి మెత్తబడును. డీజిలు కొరకు చేసిన గొట్టమునే అడిగి కొనవలెను.

ఫిల్టరు: మార్చునప్పుడు పాత రబ్బరు రింగు పైభాగమునకే అంటుకొని యుండగా క్రొత్తదానిని బిగించుట తరచు జరుగు పొరపాటు. రెండు రింగులు ఒకదానిపై ఒకటి కూర్చొన్న లీకు తప్పదు. పాతదానిని తీసి, కూర్చొను చోటు తుడిచి, క్రొత్త రింగునకు శుభ్రమైన డీజిలు పూసి బిగింపవలెను.

బాంజో బోల్టు: దీనికి రెండు ప్రక్కల రాగి వాషర్లుండును. ఒకసారి నలిగిన వాషరు మరల సరిగా అతుకదు. విప్పినప్పుడెల్ల రెండింటిని మార్చవలెను.

రిటర్ను గొట్టములు: ఇంజెక్టర్ల తలలపైనున్న ఈ సన్నని గొట్టములు వేడికి ఎండి పెళుసగును. ఒకటి పగిలిన మిగిలినవియు నేడో రేపో పగులును. అన్నిటిని ఒకేసారి మార్చుట లాభము.

పాత తరహా ఇంజనులోని ఎక్కువ ఒత్తిడి గొట్టము: ఇంజను ఆపి, పంపు వైపు భాగమును ఒక స్పానరుతో కదలకుండ పట్టి, రెండవదానితో నట్టు బిగింపవలెను. మామూలు బిగువుతో లీకు ఆగనిచో గొట్టపు కొస చెడినదని తెలిసికొని గొట్టమునే మార్చవలెను. స్పానరునకు ఇనుప గొట్టము తొడిగి బలవంతము చేయరాదు. గొట్టములను పట్టియుంచు చిన్న క్లాంపులు ఊడియుండిన, ఆ అదురునకే క్రొత్త గొట్టమును పగులును.

టాంకు: సన్నని బీటపై బట్టలసబ్బు గట్టిగా రుద్దిన కొంతసేపు ఆగును. ఇది ఇల్లు చేరుటకే గాని మందు కాదు. ఖాళీ టాంకునకు వెల్డింగు చేయించుట ప్రాణాపాయము. లోపల మిగిలిన ఆవిరి బాంబువలె ప్రేలును.

పాత బండ్లవారు మరియొక సంగతి తెలియవలెను. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట బి.ఎస్.6 ప్రమాణము అమలులోనికి వచ్చి, డీజిలులో గంధకము పది లక్షల పాళ్లకు 10 పాళ్లకు మించకుండ తగ్గించిరి. అమెరికాలో 1993లో గంధకము తగ్గించిన డీజిలు వచ్చినప్పుడు, కూర్పు మారిన ఆ ఇంధనమునకు పాత బండ్లలోని రబ్బరు రింగులు కొన్ని కుంచించుకొని లీకైనవి. ఏళ్ల తరబడి మార్చని రింగులను మార్చించుట మేలు.

పని ముగిసిన పిమ్మట చేతిపంపు గట్టిపడువరకు కొట్టి, ఫిల్టరుపైనున్న స్క్రూను వదులు చేసి, బుడగలు లేని డీజిలు వచ్చినపుడు బిగింపవలెను. సెల్ఫును ఒక్కొక్కసారి 10 సెకండ్లకు మించి కొట్టక, మధ్య విరామమీయవలెను.

లోపలికి కారు లీకు

చుక్కయు పడక, గాలియు పట్టక డీజిలు తగ్గిపోవు విధమొకటి కలదు. ఫీడు పంపు డయాఫ్రము చిరిగినను, పంపు సీలు చెడినను డీజిలు ఇంజను ఆయిలులో కలియును. ఆయిలు కొలపుల్ల తీసి చూడవలెను. ఆయిలు పోయకయే మట్టము పెరిగియుండిన, పలుచబడి డీజిలు వాసన కొట్టిన, ఆ బండిని ఇంకొక మైలైనను నడుపరాదు. పలుచబడిన ఆయిలు బేరింగులను కాపాడజాలదు. లీకు బాగుచేయించి, ఆయిలును, దాని ఫిల్టరును మార్చిన పిమ్మటనే నడుపవలెను.

నష్టమెంత?

చుక్కలే గదా యని అనుకొనువారు లీకు క్రింద గిన్నె పెట్టి ఒక గంట కొలిచి చూతురుగాక. గంటకు 100 మిల్లీలీటర్లు చిక్కినచో, రోజుకు 8 గంటలు, నెలకు 25 రోజులు నడచు బండికి పోవునది 20 లీటర్లు. బండిలో డీజిలు అంటిన గోనెసంచులలో విత్తనము గాని, కూరగాయలు గాని నింపుట కూడదు. వాసన పట్టిన సరుకును మార్కెట్టులో ఎవరును కొనరు.

చిన్న పామునైనను పెద్దకర్రతో కొట్టవలెనని మన పెద్దల మాట. వారమునకొకసారి పది నిముషములు కేటాయించి, టాంకు మూత, గొట్టముల క్లిప్పులు, ఫిల్టరు అడుగు, ఆయిలు మట్టము చూచుకొనవలెను. ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదలవలెను. ట్రాక్టరు, డీజిలు పంపుసెట్టు గలవారికిని ఈ పద్ధతియే వర్తించును. గ్రామోద్యోగులు తమ ఊరి రైతుల సమావేశములలో ఒక బండిని నిలిపి ఈ పరీక్షలను చేసి చూపిన, వినుటకంటె చూచుటవలన ఎక్కువమందికి తెలియును. ఈసారి మెకానిక్కు గాలి తీసి "సరిపోయినది" అని చెప్పినప్పుడు, రైతు సోదరులు ఒక్క ప్రశ్న తప్పక అడుగవలెను: "గాలి తీసితివి సరే, అది వచ్చిన దారి మూసితివా?"