మూడేళ్ల కిందటి దాహం, ఇవాళ్టి గెల

“కాయ నిలబడట్లేదండీ, ఏం వెయ్యమంటారు?”

అమలాపురం వెళ్లండి, రాజోలు వెళ్లండి, కొత్తపేట లంకల్లోకి వెళ్లండి. దింపు అయ్యాక పెరట్లో నిలబడి ఇంటివాళ్లు అడిగేది ఇదే. ఎదుటివాళ్లూ తడుముకోకుండా చెప్పేస్తారు: ఉప్పు వెయ్యండి, బూడిద వెయ్యండి, మందు కొట్టించండి. వీటికన్నా ముందు ఆ చెట్టుకి రెండు మూడేళ్ల కింద ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. కొబ్బరి తన బాధ ఆలస్యంగా చెబుతుంది.

ఇవాళ మొవ్వులో విచ్చుకున్న పొత్తిని చూడండి. ఆకు మొదట్లో, కంటికి కనపడనంత చిన్నగా దాని పుట్టుక మొదలై దాదాపు 32 నెలలైంది. విచ్చుకున్నాక పిందె కాయై ముదరడానికి ఇంకో ఏడాది. అంటే దింపులో నేల మీద పడే ముదురు కాయ వెనక 44 నెలల కథ ఉంది. ఈ మధ్యలో ఎప్పుడు నీరు చాలకపోయినా, ఎప్పుడు వేళ్లు ముంపులో నానినా ఆ దెబ్బ గెల మీద పడుతుంది. 1996 నవంబరు 6 నాటి తుపాను గాలికి కూలిన చెట్ల సంగతి అలా ఉంచి, నిలబడ్డ చెట్లు కూడా వెంటనే కాపుకి రాలేదంటే కారణం ఇదే. ఈ ఏడు వేసిన ఎరువుకి ఈ ఏడే ఫలితం కనపడలేదని వచ్చే ఏడు మానేసేవాళ్లు చెట్టుకి చేస్తున్న అన్యాయం తక్కువది కాదు.

పిందె రాలిందని కంగారు పడేవాళ్లకి ఒక మాట. పొత్తిలో ఉన్న ఆడపూలన్నీ కాయలు కావు. సగానికి పైగా మొదటి ఒకటి రెండు నెలల్లో రాలిపోవడం కొబ్బరికి సహజం. రాలిన పిందెను చేతిలోకి తీసుకుని ముచ్చిక ఊడదీసి చూడండి. ముచ్చిక అంచు నుంచి కిందికి తెల్లటి త్రికోణపు మచ్చ దిగి ఉంటే, అది గోధుమరంగుకి తిరిగి పైతోలు చిట్లి ఉంటే, నల్లి పట్టిందన్నమాట. మామూలు కంటికి ఆనని ఆ నల్లి ముచ్చిక చాటున చేరి రసం పీలుస్తుంది. 1998లో కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో బయటపడి, ఆ తర్వాత మన తోటల దాకా వచ్చింది. నల్లి పట్టిన కాయ చిన్నదైపోతుంది, పీచు బిగుసుకుపోతుంది, ఒలుపు కష్టమవుతుంది. మచ్చ లేకుండా శుభ్రంగా ఉన్న పిందెలు మరీ ఎక్కువగా రాలుతుంటే తప్పు పురుగుది కాదు. తిండిలోనో, నీటిలోనో లోపం ఉందని పాదు వైపు చూడాలి.

ఇక తెల్లదోమ. ఆకు అడుగున తెల్లటి మైనపు చుట్టలు, కింది ఆకుల మీద మసి. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి దగ్గర కనపడిన ఈ సర్పిలాకార తెల్లదోమ గోదావరి జిల్లాలకు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. దీన్ని చూడగానే ఘాటైన మందు కోసం పరుగెత్తడం పొరపాటు. దోమ పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని చంపే ఎన్‌కార్సియా అనే బుల్లి కందిరీగ మన పెరళ్లలోనే ఉంటుంది. మందు కొడితే ముందు చచ్చేది అదే. నీళ్లు గట్టిగా చిమ్మి ఆకు అడుగు కడగండి. మసికి గంజి చాలు. నూటికి ఒక వంతు గంజిపొడి కలిపిన నీళ్లు చల్లితే మసి ఎండి పొరలుపొరలుగా ఊడిపోతుంది. ఇంకా అవసరమైతే అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానాన్ని అడగండి. తెల్లదోమను చంపే శిలీంద్రం మీదా, మిత్రపురుగుల మీదా అక్కడ ఏళ్లుగా పని జరుగుతోంది.

నా ఉద్దేశంలో పురుగుకన్నా పెద్ద మార్పు పెరట్లోనే వచ్చింది. ఒకప్పుడు అంట్లు తోమిన నీళ్లు, స్నానాల నీళ్లు కొబ్బరి మొదట్లోకే పోయేవి. ఎవరూ ప్రత్యేకంగా నీళ్లు పెట్టకుండానే చెట్టు తాగేది. ఇప్పుడు ఆ నీరంతా గొట్టాల్లోంచి వీధి డ్రైన్‌లోకి పోతోంది. మొదలు చుట్టూ సిమెంటు చేస్తున్నాం, టైల్స్ వేస్తున్నాం. వేసవిలో కాలువలు కట్టేసే రోజుల్లోనే చెట్టుకి దాహం ఎక్కువ. అప్పుడు పెద్ద చెట్టుకి నాలుగు రోజులకోసారి 200 లీటర్లు అందాలి. మొదలు నుంచి ఆరడుగుల దాకా గచ్చు పగలగొట్టి పాదు చేస్తే, వానలోనూ పెరటి వాడకంలోనూ వచ్చే నీరు చాలావరకు ఆ లోటు తీరుస్తుంది.

తిండి సంగతి. కాపుకొచ్చిన చెట్టుకి ఏడాదికి కిలో యూరియా, రెండు కిలోల సూపర్ ఫాస్ఫేట్, రెండు కిలోల పొటాష్. తొలకరికి సగం, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో సగం. కొబ్బరి అన్నింటికన్నా ఎక్కువ తినేది పొటాష్, పెరళ్లలో మనం ఎక్కువగా మరిచిపోయేదీ అదే. కొత్త ఆకులు ముడుచుకుని, విచ్చుకోలేక మొవ్వులో ఇరుక్కుంటే బోరాన్ లోపం. 50 గ్రాముల బోరాక్స్ పాదులో వేయాలి. పెంటకుప్ప చెట్టు దగ్గరే ఉంటే కొమ్ముపురుగు అందులోనే పెరిగి మొవ్వులోకి ఎక్కుతుంది, పొత్తిని విచ్చుకోకముందే తొలుస్తుంది. ఇంకొక సంగతి: పందిరికనో పాకకనో పచ్చి ఆకులు నరికించకండి. ఒక్కో ఆకు మొదట్లో ఒక్కో గెల ఉంటుంది. ఆ గెలకి అన్నం పెట్టేవి ఆ పచ్చటి ఆకులే.

కొబ్బరి నీడన ఉన్న అరటి గెల చిక్కిపోతే పిలకలు లెక్కపెట్టండి. గెల వేసిన తల్లి పక్కన ఒకటి రెండు పిలకలు ఉంచి మిగతావి తీసేయాలి. మామిడి తీరు వేరు. పూత రావాలంటే దానికి ముందు కొన్ని నెలలు నేల ఆరాలి. కొబ్బరికని పెట్టే నీరు అక్టోబరు నుంచి పూత విచ్చేదాకా మామిడి పాదులోకి పోకుండా చూసుకోవాలి. ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు బోసిపోవడం కొన్ని రకాలకి అలవాటే. దానికి చికిత్స అక్కర్లేదు.

అన్నీ పెరట్లో తీరే బాధలు కావు. 1949 తుపాను తర్వాత రాజోలు పక్కన తాటిపాకలో కనపడిన తెగులుకి ఆ ఊరి పేరే పడింది. తాటిపాక తెగులు సోకిన చెట్టుకి మొదట ఆకులు మామూలుకన్నా గుబురుగా, ముదురు ఆకుపచ్చగా వచ్చి ఇంటివాళ్లని మురిపిస్తాయి. ఆ తర్వాత మొవ్వు చిక్కిపోతుంది. గెలలో మంచి కాయల పక్కనే ఒట్టి కాయలు పడతాయి. అలాంటి చెట్టుని ఎరువుతో బాగుచేయాలని చూడడం వృథా. తీసేసి, ఆ చోట అంబాజీపేటలో రూపొందించిన గోదావరి గంగ లాంటి రకం నాటుకోవడమే మేలు.

సముద్రపు అంచున ఉన్న పెరళ్ల గోడు ఇంకోటి. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రైన్ వెంబడి పోటు నీరు ఎగదన్ని, ఉప్పు వేళ్లలో నిలిచి, కాపున్న చెట్లు మొవ్వులు వాల్చేశాయి. 2025లో కేశనపల్లి రైతుల గోడు రాష్ట్రమంతా విన్నది. పాదులో పొటాష్ ఎంత వేసినా ఆ చెట్టు కోలుకోదు. డ్రైన్‌లో పూడిక తీయాలి, గట్లు ఎత్తు చేయాలి, పోటు నీరు లోపలికి రాకుండా అడ్డుకట్ట పడాలి. పెరటి యజమాని ఒక్కడి వల్ల అయ్యే పని కాదది. ప్రభుత్వం చేయాలి, చేసేదాకా ఊరంతా కలిసి అడగాలి. పనులు ఇవాళ పూర్తయినా అక్కడ గెల నిండడానికి మరో మూడు నాలుగేళ్లు పడుతుంది కాబట్టి, ఒక్క వేసవి జాప్యం కూడా చిన్నది కాదు.