కొర్రమీను ఊపిరి

చైత్రం చివర్లో మా చెరువు గట్టు మీద తెల్లవారడం కళ్ల కంటే ముందు చెవులకు తెలుస్తుంది. ఎక్కడో కోయిల మొదలుపెడుతుంది. పక్క తోటలో తొడిమ తెగిన కాయ ఒకటి ఆకుల్ని రాసుకుంటూ దిగి దబ్బున నేలను తాకుతుంది. ఆ తర్వాత నీళ్ల వైపు నుంచి, ఎవరో పెదాలు చప్పరించినట్టు, ఒక చిన్న చప్పుడు. అటు తిరిగేసరికి ఏమీ ఉండదు. కలువాకుల నడుమ ఒక సుడి మెల్లగా విచ్చుకుంటూ ఉంటుంది. దాని మధ్యలో రెండు మూడు బుడగలు.

“లేచింది,” అంటాడు బాబాయ్, పెదాలు కదిలీ కదలకుండా.

లేచింది కొర్రమీను. గుక్కెడు గాలి తాగి మళ్లీ కిందికి పోయింది. చేపగా పుట్టి కూడా గాలి కోసం నీటి పైకి రాక తప్పని జీవి అది. ఆ గుక్కెడు గాలే దాన్ని మన ఎండాకాలం దాటిస్తుంది. గాలం పట్టుకుని కూర్చున్నవాడికి దాని జాడ చెప్పేసేదీ ఆ గుక్కెడు గాలే. మామిడి కాలంలో చెరువు గట్టున కూర్చుంటే ఈ రెండూ కళ్లెదుటే కనపడతాయి.

ఒడ్డే నడిచి వెళ్లే వసంతం

విజయవాడ నుంచి ఇబ్రహీంపట్నం మీదుగా మైలవరం వెళ్లే దారిలో ఉంటుంది మా జి. కొండూరు. ఒక పక్క కొండపల్లి కొండలు. ఇంకో పక్క నూజివీడు దాకా పరుచుకున్న మామిడి తోటలు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మా మండలం ఎన్టీఆర్ జిల్లాలోకి, నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయలు నింపుకున్న బళ్లు మాత్రం ఎప్పటిలాగే రెండు వైపుల నుంచీ నున్న మార్కెట్ దారి పడతాయి.

మైలవరం కొండల వైపు పుట్టిన బుడమేరు మా మండలంలోంచే, వెలగలేరు మీదుగా, కొల్లేటి వైపు సాగుతుంది. అది పొంగితే ఎంత పని చేస్తుందో 2024 సెప్టెంబరులో విజయవాడ కళ్లారా చూసింది. వేసవి వచ్చేసరికి ఆ ఏరు గుంటలు గుంటలుగా విడిపోతుంది. చెరువులూ అంతే. సంక్రాంతికి తూము పైదాకా ఉన్న నీళ్లు ఉగాదికి నడుం లోతుకి, వైశాఖానికి మోకాలి లోతుకి దిగుతాయి. శిఖం నేల బయటపడి పలకలు పలకలుగా బీటలు వారుతుంది.

టెక్సాస్‌లో ఉంటున్న మా తమ్ముడు వసంతం రాగానే లైసెన్సు తీసుకుని సరస్సు మీదికి వెళ్తాడు, బాస్ అనే చేప కోసం. చలికాలమంతా లోతుల్లో మగతగా పడి ఉన్న ఆ చేప, నీళ్లు 15 డిగ్రీలు దాటి వెచ్చబడేసరికి గట్టు దగ్గరికి వస్తుందట. మగది తోకతో అడుగు మట్టి ఊడ్చి గూడు కట్టుకుంటుందట. అందుకే అక్కడి గాలగాళ్లకు వసంతమే పెద్ద పండుగ. వాడు ఫోన్లో చెబుతుంటే నాకు మా చెరువే కళ్లలో మెదిలింది. కొర్రమీను కూడా బాస్ లాగే పొంచి ఉండి ఒక్క ఊపున మీద పడే వేటగాడు, గూడు కట్టి పిల్లల్ని కాచుకునే చేప. అయితే మా వసంతంలో చేప ఒడ్డుకి రానక్కర్లేదు. నీళ్లు తగ్గేకొద్దీ ఒడ్డే నడిచి చేప దగ్గరికి వెళ్తుంది.

తలలో ఒక గాలి గది

నీళ్లు వేడెక్కితే వాటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల దాకా పట్టేది, 30 డిగ్రీలకు ఏడున్నరకు పడిపోతుంది. దానికి తోడు రాత్రంతా నాచు, కలువ, తుంగ కూడా ఊపిరి పీల్చుకుంటాయి. ఎండ లేదు కాబట్టి తిరిగి ఇచ్చేదేమీ ఉండదు. అందుకే తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు అన్నిటికన్నా తక్కువ. బొచ్చె, శీలావతి, పరిగె నీటి పైకి తేలి నోళ్లు తెరుచుకుని తిరిగేది అప్పుడే.

సరిగ్గా ఆ వేళకే కొర్రమీను హుషారుగా ఉంటుంది. దాని మొప్పల పైన, తలలోనే, మడతలు మడతలుగా రక్తనాళాలు అల్లుకున్న చిన్న గది ఒకటి ఉంది. పైకి వచ్చి తాగిన గాలి ఆ గదిలో నిలుస్తుంది, అక్కడి నుంచి నెత్తురులోకి వెళ్తుంది. చుట్టూ ఉన్న చేపలు నీరసపడి తేలే ఘడియలో దీనికి వేట సులువు. ఆ వరానికి ఒక షరతు మాత్రం ఉంది. మొప్పలతోనే బతికేంత శక్తి ఎదిగిన కొర్రమీనుకి లేదు. వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. నీటిలో మునిగి చచ్చే చేప అంటే వినడానికే వింత.

బెర్లిన్‌లో ఉండి ప్రపంచపు చేపలకు బొమ్మలు గీయించి పుస్తకాలు వేసిన వైద్యుడు బ్లాక్ 1793లో దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. పాము తలలాంటి తల, ఒంటి మీద చారలు చూసి పెట్టిన పేరది. మనవాళ్లు అంతకు ఎన్ని తరాల ముందు నుంచో కొర్రమీను అంటున్నారు, కొరమట్ట అంటున్నారు. దీని చిన్న తమ్ముణ్ణి మట్టగిడస అని వేరుగా పిలుస్తున్నారు. తెలంగాణ 2016లో కొర్రమీనును తన రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది.

చెరువు పూర్తిగా ఎండితే? అప్పుడు కొర్రమీను బురదలోకి దిగుతుంది. పైన నేల గట్టిపడ్డా అడుగున తడి ఉన్నంత కాలం, ఒంట్లో దాచుకున్న కొవ్వు మీద బతుకుతూ, తొలకరి దాకా ఎదురుచూస్తుంది. తడి గడ్డిలో ఒళ్లు మెలికలు తిప్పుకుంటూ ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పాకిపోవడం కూడా దానికి తెలుసు.

బాబాయ్ పాఠాలు

గాలం వెయ్యడం నాకు నేర్పింది మా బాబాయ్. మొదటి పాఠం కాళ్లకి. గట్టు మీద అదిరేలా నడవకూడదు, అడుగుల అదురు నేలలోంచి నీళ్లలోకి పాకుతుంది. రెండో పాఠం నీడకి. ఎండ వీపున పడేలా నిలబడితే మన నీడ ముందు నీళ్ల మీదికి పోతుంది, కొర్రమీను దాన్ని కొంగ నీడ అనుకుని జారుకుంటుంది. అందుకే ఎండకి ఎదురుగా నిలబడాలి, కళ్లు చికిలించుకుంటూ అయినా సరే.

మూడో పాఠం చోటుది. నడిచెరువులో ఖాళీ నీళ్ల మీద వేస్తే పొద్దంతా కూర్చోవాలి. తూము పక్కన రాళ్ల సందు, తుమ్మ మోడు పడి ఉన్న చోటు, కలువాకులు ఆగిపోయి నీళ్లు మొదలయ్యే అంచు, తూటికాడ పొద కింద చీకటి, ఇవీ దాని ఇళ్లు. పొద్దు పొడిచిన గంటన్నర, సాయంత్రం ఎండ వాలాక ఇంకో గంట, అంతే వేట. మధ్యాహ్నం చేపకీ మనిషికీ నీడే గతి.

సుడి లేచిందని ఆ చోటునే గాలం వెయ్యకూడదు. ఊపిరి తీసుకున్న చేప వెంటనే మునుగుతుంది, నెత్తిన ఏదైనా పడితే బెదురుతుంది. కాసేపు ఆగాలి. కొన్ని నిమిషాలకు మళ్లీ అక్కడికి దగ్గరలోనే లేస్తుంది. రెండు ఊపిర్ల మధ్య అది ఎటు జరిగిందో చూస్తే ఎటు వెళ్తోందో తెలుస్తుంది. దాని దారికి రెండు బారల ముందు ఎర వేసి, కప్ప ఈదినట్టు ఆగి ఆగి లాగాలి.

మా చిన్నప్పుడు వెదురు కర్ర, నైలాను దారం, ఎరకి వానపామో పరిగె పిల్లో. ఇప్పుడు కుర్రాళ్లు రీలు కర్రలతో, రబ్బరు కప్పలతో వస్తున్నారు. ఆ రబ్బరు కప్పని చేతిలోకి తీసుకుని చూశాను. గాలం కొక్కేలు రెండూ దాని వీపుకి అతుక్కుని పైకి తిరిగి ఉంటాయి. కాబట్టి కలువాకుల మీద జారినా ఆకు చిక్కుకోదు. చేప నోట కరిచి నొక్కినప్పుడు మెత్తటి ఒళ్లు అణిగి కొక్కేలు బయటపడతాయి. మనిషి కప్పనీ కొర్రమీనునీ ఎంత శ్రద్ధగా గమనించాడో ఆ చిన్న బొమ్మలో కనపడుతుంది.

కొర్రమీను కొడితే నీళ్లు పగిలినట్టు చప్పుడవుతుంది. గుండె ఝల్లుమంటుంది, చెయ్యి దానంతటదే లేస్తుంది. తప్పు అక్కడే జరుగుతుంది. అది ముందు కరిచి పట్టుకుంటుంది, తర్వాత తల తిప్పుకుని మింగుతుంది. “మనసులో మూడు లెక్కపెట్టు అబ్బాయ్,” అనేవాడు బాబాయ్. మూడు అన్నాక ఒక్క గుంజు గుంజి, ఇక దారం సడలనీయకూడదు. సడలితే తూటికాడ మొదట్లోకి దూరి దారాన్ని చుట్టేస్తుంది.

మొదటిసారి నేను పట్టిన కొర్రమీను కిలోకి కాస్త తక్కువ తూగింది. చేతిలో పట్టుకుంటే నున్నగా, బిగువుగా, లోపలంతా ఒకే కండలా ఉంది. వీపు చెరువు అడుగు రంగు, పొట్ట పాల తెలుపు, ఈ రెండూ కలిసే చోట నల్లటి వంపు చారలు. తల మీద పొలుసులు పెద్దవి, పలకలు పేర్చినట్టు. దాన్ని బకెట్లో వేసి, అరచెయ్యి లోతు నీళ్లు పోసి, మూత పెట్టి, మూత మీద రాయి పెట్టాడు బాబాయ్. నీళ్లు చాలక చస్తుందేమోనని నేను బెంగపడ్డాను. రాయి లేకపోతే గెంతి పారిపోతుందని ఆయన బెంగ. ఇంటికి చేరేదాకా లోపలి నుంచి మూతని తలతో పొడుస్తూనే ఉంది. సంతలో ఈ చేపని తొట్లలో ప్రాణంతో అమ్మగలిగేది ఆ గాలి గది పుణ్యమే.

పిన్ని దాన్ని బూడిద పట్టించి బండ మీద రుద్దింది. చింతపండు పులుసు కాస్త తగ్గించి, తోటలో ఆ పొద్దున రాలిన పుల్లకాయ ముక్కలు వేసి పులుసు పెట్టింది. మామిడి ముక్క చేప పక్కన ఉడికి మెత్తబడి, పులుపంతా పులుసుకి ఇచ్చేసి, తానొక కమ్మటి ముద్ద అవుతుంది. చెరువూ తోటా ఒకే గిన్నెలో కలిసే రుచి అది.

ఎర్ర మచ్చ

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి. ఆ వెంటనే జూన్ 8 ప్రాంతంలో మృగశిర. ఆ రోజు చేప తినాలని మన రెండు రాష్ట్రాల్లోనూ నమ్మకం. హైదరాబాద్‌లో ఆ రోజునే బత్తిన కుటుంబం వాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్ల చేత పసుపు రంగు మందు పెట్టిన బతికున్న కొర్రమీను పిల్లను మింగిస్తారు.

తొలి వానలకు చెరువులోకి ఎర్రనీరు దిగుతుంది. పారే నీళ్ల చప్పుడు వినగానే చేపలు ఎదురెక్కుతాయి. కొర్రమీను జంట గట్టు వారన, గడ్డి మునిగిన లోతులేని చోటు చూసుకుని, నాచూ తుంగా నోటితో పక్కకి తొలగించి గుండ్రంగా జాగా చేసుకుంటుంది. పసుపు పూసల్లాంటి గుడ్లు నూనె బొట్టు బలంతో నీటి మీద తేలుతుంటాయి. ఒక రోజుకో రోజున్నరకో పిల్లలవుతాయి. కొద్ది రోజులకు వందల పిల్లలు ఎర్రగా, కుంకుమ నురుగులా, ఒకే గుంపుగా కదులుతాయి. ఆ నురుగు కింద తల్లీ తండ్రీ, ముఖ్యంగా తండ్రి, కాపలా.

నాకు పన్నెండేళ్లప్పుడు అలాంటి ఎర్ర మచ్చ మొదటిసారి చూశాను. అలుగు పక్కన, చాప వెడల్పున, నీళ్లు సన్నగా మరుగుతున్నట్టు కదులుతోంది. దాని కింద పెద్ద చేప ఉంటుందని అప్పటికే తెలుసు. గాలం ఎత్తాను. బాబాయ్ నా మణికట్టు పట్టుకున్నాడు.

“వద్దు అబ్బాయ్. అది ఇప్పుడు ఆకలికి రాదు.”

ఆ మాట అర్థం కావడానికి నాకు ఏళ్లు పట్టింది. పిల్లల మీద ఏది పడ్డా, కప్పైనా కర్రముక్కైనా గాలమైనా, కాపలా చేప దూసుకొచ్చి కొడుతుంది. అలాంటప్పుడు దాన్ని పట్టడానికి నేర్పు ఏమీ అక్కర్లేదు. అది పోతే పరిగెలకూ జెల్లలకూ ఆ ఎర్ర గుంపు ఒక పూట మేత. అమెరికా సరస్సుల్లోనూ ఇదే సంగతి గమనించారు. గూడు కాస్తున్న మగ బాస్‌ను తీసేస్తే నిమిషాల్లో చిన్న చేపలు గుడ్ల మీద పడతాయి. కెనడాలోని ఒంటారియోలో చాలా చోట్ల ఆ నెలల్లో బాస్ వేటే మూసేస్తారు. మన తూర్పు తీరంలో సముద్రానికి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల విరామం ఇస్తున్నాం. మా చెరువులో ఆ విరామం ఎప్పుడో చెప్పేది ఆ ఎర్ర మచ్చే. నెల తిరిగి పిల్లలకు ఎరుపు పోయి నలుపు తిరిగాక, గుంపు విడిపోయాక, మళ్లీ గాలం.

ఆ రోజు బాబాయ్ దారం కర్రకి చుట్టేసి గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఎర్ర మచ్చ తుంగ వారనే మెల్లగా జరుగుతోంది. ఉన్నట్టుండి నడిమధ్య విచ్చుకుంది. ఆ సందులోంచి నల్లటి ముక్కు ఒకటి పైకొచ్చి, పెదాలు చప్పరించినట్టు ఒక చిన్న చప్పుడు చేసి, మునిగింది. బుడగలు రెండు తేలాయి. విచ్చుకున్న పిల్లలు వాటి చుట్టూ మళ్లీ దగ్గరకు చేరాయి.

“లేచింది,” అన్నాను నేను, పెదాలు కదిలీ కదలకుండా.