స్థాయి ఎవరిది తక్కువ?

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని, తార్నాకకు దగ్గరలో మాణికేశ్వర్ నగర్ ఉంది. వడ్డెర బస్తీ అన్నా ఇదే. చీకటి పడ్డాక ఇక్కడి సందుల్లో నడిస్తే గుమ్మం గుమ్మం నుంచీ టీవీ శబ్దం వినబడుతుంది. ఒక ఇంట్లో అత్తాకోడళ్ల సీరియల్, పక్కింట్లో కామెడీ షో. "జనానికి కావలసింది ఇదే, వాళ్ల స్థాయి అంతే" అని తేల్చేసే చదువరులు మనలో చాలామంది ఉన్నారు. ఈ మాట నిజమేనా?

టెలివిజన్ తెలుగు పల్లెకు మొదట వచ్చింది కాలక్షేపం కోసం కాదు. 1975 ఆగస్టు 1న మొదలై ఏడాది పాటు సాగిన 'సైట్' ప్రయోగంలో అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం రైతు కుటుంబాలకు ప్రసారాలు. సెట్టు ఊరందరిదీ. ఆ తర్వాత 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం వచ్చింది.

1984లో రెండు దారులు తెరుచుకున్నాయి. జూలైలో 'హమ్ లోగ్' మొదలైంది. కుటుంబ నియంత్రణ, స్త్రీల గౌరవం వంటి విషయాలు కథగా చెప్పాలన్నది దాని ఉద్దేశం. దానికి స్పాన్సర్ ఒక ఆహార ఉత్పత్తుల సంస్థ. సీరియల్ సరుకును కూడా అమ్మిపెడుతుందని వ్యాపారులకు తెలిసివచ్చింది. ఆగస్టు 15న విశ్వవిద్యాలయాల నిధుల సంఘం దూరదర్శన్‌లో 'కంట్రీవైడ్ క్లాస్‌రూమ్' ప్రారంభించింది. దానికి కార్యక్రమాలు తయారుచేసే కేంద్రాలు ఉస్మానియాలోనూ, పక్కనే ఉన్న నేటి ఇఫ్లూలోనూ ఏర్పడ్డాయి. అంటే బస్తీకి కూతవేటు దూరంలోనే. కానీ ఆ పాఠాలు ఎక్కువగా ఆంగ్లంలో, అదీ పగటిపూట. కూలికి పోయినవారు ఇంట్లో ఉండని వేళ, వారికి రాని భాషలో చెప్పిన పాఠం వారికి ఎలా చేరుతుంది? మంచి కార్యక్రమాన్ని బస్తీ కాదనలేదు. అది బస్తీ గుమ్మం దాకా రానేలేదు.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. అప్పటి నుంచి లెక్క మారింది. ప్రైవేటు చానల్‌కు ప్రధాన ఆదాయం ప్రకటనలు. నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి వేయకూడదు. ఆ కొద్ది నిమిషాల ధరను నిర్ణయించేది రేటింగ్. 2015 నుంచి ఈ కొలత 'బార్క్' సంస్థ చేతిలో ఉంది. 2020 నాటికి దేశం మొత్తంలో దాదాపు 44,000 ఇళ్లలో దాని మీటర్లు ఉన్నాయి. ఏ చానల్ ఎంతసేపు చూశారో మీటరు చెబుతుంది. చూసినవారి మనసులో ఏం మిగిలిందో చెప్పదు.

ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతావన్నీ అర్థమవుతాయి. ప్రేక్షకుడి వేలు రిమోట్ మీదకు పోకూడదు. అందుకే ఒక్క మాటకు ముగ్గురి ముఖాలు మార్చి మార్చి చూపడం, ఉరుము శబ్దం, రేపటికి వాయిదా పడే నిజం. రోజుకొక ఎపిసోడ్ చొప్పున రాసే రచయితకు కొత్తగా ఆలోచించే తీరిక ఉండదు. కథ కంటే తగాదా తేలిక. 1999లో నెదర్లాండ్స్‌లో పుట్టిన 'బిగ్ బ్రదర్' నమూనా 2017లో తెలుగు 'బిగ్ బాస్'గా మన ఇళ్లకు చేరింది.

కాలక్షేపమే కదా, పోయేదేముంది అనవచ్చు. పోయేది ఉంది. కామెడీ షోలో నవ్వు ఎవరి మీద పుడుతోందో గమనించండి. పనిమనిషి, వాచ్‌మన్, నల్లగా ఉన్న అమ్మాయి, లావుగా ఉన్న ఆమె, నత్తి ఉన్నవాడు. తెలంగాణ యాసను మన సినిమాలు చాలాకాలం రౌడీలకూ హాస్యగాళ్లకే కేటాయించాయి. నాలుగిళ్లలో పాచిపని చేసి వచ్చిన తల్లి పక్కన కూర్చొని, ఆమెలాంటి మనిషిని చూసి పిల్లవాడు పగలబడి నవ్వుతాడు. తన తల్లి మాట, తన వీధి నవ్వులాటకే పనికొస్తాయని అతడు నేర్చుకుంటున్నాడు. ఏ బడీ ఇంత శ్రద్ధగా రోజూ పాఠం చెప్పదు.

మంచిది పెడితే జనం చూడరన్నదీ అపోహే. 1996లో బాలసుబ్రహ్మణ్యం గారితో మొదలైన 'పాడుతా తీయగా' రెండు తరాలకు పాట వినడం నేర్పింది. 'అన్నదాత' రైతుల కార్యక్రమంగా ఏళ్ల తరబడి నిలిచింది. రెండూ ప్రైవేటు చానల్‌లో వచ్చినవే. ప్రేక్షకుణ్ణి తెలివిగలవాడిగా ఎంచి మాట్లాడితే అతడు లేచిపోడని అవి రుజువు చేశాయి.

కాబట్టి బస్తీని నిందించడం మానుకుందాం. ఆ షోలే క్యాంపస్ హాస్టళ్లలోని ఫోన్లలోనూ, మన హాళ్లలోని పెద్ద టీవీల్లోనూ నడుస్తున్నాయి. టీవీ కట్టేయమని పిల్లల్ని గద్దించే ముందు పది నిమిషాలు పక్కన కూర్చుందాం. "ఇప్పుడు ఎవర్ని చూసి నవ్వాం?" అని అడుగుదాం. చదువుకున్నవారి మీద ఇంకో బాధ్యత కూడా ఉంది. తెలిసిన మంచి విషయాన్ని తెలుగులో, పని ముగించుకొని మనుషులు ఇల్లు చేరే వేళకు అందించాలి. ఆ పని చేయనంతకాలం వారి స్థాయి గురించి మాట్లాడే హక్కు మనకు లేదు.