తల, మెడల రాచపుండునకు కిరణచికిత్స: నాడీమండలముపై దాని ప్రభావము

రాచపుండు, అనగా క్యాన్సరు, తెలుగువారికి క్రొత్త గాదు. చుట్టనిప్పును నోటిలోనుంచి పీల్చు ‘అడ్డపొగ’ యలవాటు శ్రీకాకుళ విశాఖ తీరములందును, పొరుగునగల ఒడిశా తీరమునందును స్త్రీలలో వ్యాపించి యుండెను. అంగిటి క్యాన్సరునకు అది హేతువని పరిశోధకులు నిరూపించిరి.

తల, మెడల క్యాన్సరునకు కిరణచికిత్స ప్రధానమైన చికిత్సలలో నొకటి. కిరణమాత్రను కొలుచు ప్రమాణమునకు ‘గ్రే’ అని పేరు. సామాన్యముగా 66 మొదలు 70 గ్రేల మాత్రను, వారమున కైదు దినముల చొప్పున ఆరేడు వారములపాటు పంచి యిత్తురు. కిరణములు కణితిని నశింపజేయుచునే చెంతనున్న వెన్నుపామును, నాడులను, రక్తనాళములను గూడ కొంత తాకును.

చికిత్స ముగిసిన కొన్ని మాసములకు కొందరికి మెడ వంచినంతనే వెన్ను వెంబడి విద్యుత్తు ప్రాకినట్లు జల్లుమనును. 1924లో దీనిని వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు లెర్మిట్ పేర నిది ప్రసిద్ధము. నాడీతంతువులను కప్పియుండు మయెలిన్ పొర తాత్కాలికముగా చెడుట దీనికి కారణము. కొన్ని మాసములలో నిది ప్రాయికముగా తనంతనే శమించును.

సంవత్సరముల పిమ్మట పొడసూపు బాధలు వేరు. నాడుల చుట్టును కణజాలము గట్టిపడి రక్తప్రసారము తగ్గును. నాలుకను కదల్చు పండ్రెండవ కపాలనాడి చెడినచో నాలుక కృశించి యొక ప్రక్కకు వాలును. మాట తడబడును, మ్రింగుట కష్టమగును. భుజమునకు పోవు నాడులు చెడిన చేయి తిమ్మిరెక్కి బలహీనమగును. సిస్‌ప్లాటిన్ మందును గూడ నిచ్చినవారికి చెవుడు వచ్చు నవకాశము హెచ్చు. మెడ ధమనులు ఇరుకైనచో పక్షవాతము రావచ్చును. వెన్నుపాము చెడుట మిక్కిలి యరుదు. దానికి చేరు మాత్ర 45 మొదలు 50 గ్రేలకు మించకుండ వైద్యులు జాగ్రత్తపడుదురు.

ఈ లక్షణములే వ్యాధి తిరుగబెట్టుటకును సూచన కావచ్చును. కావున చికిత్సాఫలమే యని యూరకుండుటయు, వ్యాధియే యని బెదరుటయు తగదు, పరీక్ష యవసరము.

1941లో వెలసిన ముంబయి టాటా స్మారక వైద్యశాలకును, 1954లో వెలసిన అడయారు క్యాన్సరు సంస్థకును తెలుగు రోగులును పోవుచుందురు. అవ్వకు తెలుగే వచ్చును. వెంటబోవు మనుమడు పరభాషలో చదివినవాడు. తిమ్మిరి, మొద్దుబారుట, జల్లుమనుట, సూదులు గ్రుచ్చినట్లుండుట అనునవి నాలుగు వేర్వేరు లక్షణములు. అవన్నియు ‘నొప్పి’ యను నొక్క మాటగా మారి వైద్యుని చెవి సోకినచో నిదానము దారి తప్పవచ్చును. అవ్వ మాటను ఉన్నదున్నట్లు గ్రహించి, ఏయేట చికిత్స జరిగినదో జోడించి చెప్పగల తెలుగు ఆ మనుమనికి నేర్పుట ప్రతి కుటుంబమునకును విధి.