మెట్ట ప్రాంతపు సొంత కుంటలు: కట్ట భద్రత, యజమాని బాధ్యత

అనంతపురానికి ఆనుకొని ఉన్న బుక్కరాయసముద్రం చెరువుకు ఆరున్నర శతాబ్దాల చరిత్ర ఉంది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల మంత్రి చిక్క ఒడయరు 1364లో పండమేరుకు అడ్డంగా కట్ట పోయించి ఈ చెరువును నిర్మించాడని, కట్ట రెండు కొసలలో బుక్కరాయసముద్రం, అనంతసాగరం వెలిశాయని స్థానిక చరిత్ర చెబుతుంది. చెరువుకు ప్రమాదం వాటిల్లినపుడు ముసలమ్మ అనే ఇల్లాలు ప్రాణార్పణ చేసి ఊరిని కాపాడిందన్న జనశ్రుతిని కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’ కావ్యంగా మలిచారు. కట్ట తెగితే ఎవరో ఒకరు మూల్యం చెల్లించక తప్పదన్న అనుభవం ఆ కథకు మూలం.

పెద్ద చెరువులను చూచుకొనడానికి నేడు ప్రభుత్వ శాఖలు, ఇంజనీర్లు ఉన్నారు. వాగుకు అడ్డంగా ఒక రైతు తన పొలంలో మూడు నాలుగు మీటర్ల ఎత్తున పోసుకొన్న కట్టకు యజమాని తప్ప వేరొక రక్షకుడు లేడు. ఒక హెక్టారు విస్తీర్ణంలో సగటున రెండు మీటర్ల లోతున నిలిచిన నీటి పరిమాణం 20,000 ఘన మీటర్లు, అంటే 20,000 టన్నుల బరువు. కట్టకు గండి పడితే ఆ నీరు యజమాని పొలంలో ఆగదు. దిగువనున్న పొరుగువారి తోటలు, ఇళ్ళు, బాటల మీదుగా పోతుంది.

సొంత చెరువు, చట్టం

రాయలసీమలో వ్యక్తులు చెరువులు నిర్మించి పోషించడం కొత్త కాదు. చెరువును కట్టించి మరమ్మతులు చేయించే వారికి దశబంధం ఇనాముగా భూమిని ఇచ్చే సంప్రదాయం ఉండేది. ఆ ఇనాము భోగానికి చెరువు పోషణ షరతుగా ఉండేది; హక్కు, బాధ్యత ఒకే చేతిలో ఉండేవి.

కట్ట తెగితే యజమాని నష్టపరిహారం చెల్లించాలా అన్న ప్రశ్న తెలుగు నేల నుండే లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. నేటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం జమీందారు చెరువులు భారీ వర్షాలకు తెగి మద్రాసు రైల్వే కంపెనీ కట్టడాలను ధ్వంసం చేశాయి. నీటిని నిలువ చేసినవాడు, అది తప్పించుకొనిపోయి కలిగించిన నష్టానికి తన నిర్లక్ష్యం లేకపోయినా బాధ్యుడేనని 1868లో రైలాండ్స్, ఫ్లెచర్ వ్యాజ్యంలో ఇంగ్లండు ప్రభువుల సభ నిర్ణయించి ఉంది. రైల్వే కంపెనీ ఆ సూత్రాన్నే ఆశ్రయించింది. 1874లో ప్రీవీ కౌన్సిల్ దానిని ఇక్కడ వర్తింపజేయలేదు. ఈ చెరువులు ప్రాచీనమైనవి, ప్రజల జీవనానికి అత్యవసరమైనవి, వాటిని పోషించడం జమీందారు విధి. కనుక నిర్లక్ష్యం రుజువైతేనే అతడు బాధ్యుడు అని తేల్చింది.

ఈ తీర్పు నుండి రెండు విషయాలు గ్రహించాలి. ఒకటి, నిర్లక్ష్యం ఉన్నదా లేదా అన్నదే నిర్ణాయకం కనుక యజమాని తీసుకొన్న జాగ్రత్తలకు ఆధారం ఉండాలి. రెండు, ఆ రక్షణకు ప్రాతిపదిక చెరువు ప్రాచీనత, ప్రజావసరం. సొంత తోట కోసం నిన్న మొన్న కట్టిన కుంటకు అదే రక్షణ లభిస్తుందని ఎవరూ ధీమా పడరాదు.

2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లకు మించిన కట్టడాలకు, 10 నుండి 15 మీటర్ల మధ్య ఎత్తుండి పొడవు, నిలువ సామర్థ్యం వంటి నిర్దిష్ట లక్షణాలు గల కట్టడాలకు మాత్రమే వర్తిస్తుంది. నాలుగు మీటర్ల సొంత కట్ట దాని పరిధిలోకి రాదు. ఇంగ్లండులో 1975 నాటి జలాశయాల చట్టం ఎత్తుకు బదులు నేల మట్టానికి పైన నిలిచే నీటి పరిమాణాన్ని కొలమానంగా తీసుకొంది. 25,000 ఘన మీటర్లు దాటితే, యజమాని ఎవరైనా, నమోదు చేయించాలి. దిగువవారికి ముప్పు కలిగించేది ఎత్తు ఒక్కటే కాదు, నిలువ ఉన్న నీరు కూడా అన్న గుర్తింపు ఇందులో ఉంది.

కరువు చేసే కీడు

సాలీనా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షపాతం గల ఈ జిల్లాలో కట్టలు తెగుతాయా అన్న సందేహం కలగడం సహజం. నిజానికి కరువే కట్టను లోలోపల బలహీనపరుస్తుంది. ఏళ్ళ తరబడి నీరు చేరని కట్టలో బంకమట్టి ఎండి నెర్రెలు విచ్చుతుంది. సీమతుమ్మ వేళ్ళు లోతుకు దిగుతాయి. చెట్టును నరికిన పిదప ఆ వేళ్ళు కుళ్ళి నీటికి దారులవుతాయి. ఎలుకలు, పందికొక్కులు, చెదపురుగులు బొరియలు చేస్తాయి. మరువ కాలువ పూడిపోతుంది. కొన్నిచోట్ల సాగులోకి కూడా వస్తుంది. ఇంతలో సెప్టెంబరు, అక్టోబరు మాసాల్లో ఒక్క రాత్రి కురిసిన వానకు కుంట నిండుతుంది. ఆ మొదటి నిండుదలే కట్టకు అసలు పరీక్ష. 2022 అక్టోబరులో పండమేరు పొంగి అనంతపురం శివారు కాలనీలను ముంచెత్తడం ఈ పీఠభూమి వానల స్వభావాన్ని గుర్తుచేసింది.

మరువ లెక్క

మట్టికట్టలు ప్రధానంగా మూడు విధాల విఫలమవుతాయి: నీరు కట్ట మీదుగా పొర్లడం, కట్టలోపల ఊట బుంగగా మారడం, వాలు జారిపోవడం. మొదటిదానికి మందు మరువ. ఒక ఉదాహరణ చూద్దాం.

పరీవాహక విస్తీర్ణం 100 హెక్టార్లు, వర్ష తీవ్రత గంటకు 60 మిల్లీమీటర్లు, ప్రవాహ గుణకం 0.4 అనుకొందాం. ఈ మూడింటి లబ్ధాన్ని 360తో భాగిస్తే వరద సెకనుకు 6.7 ఘన మీటర్లు. వెడల్పు శిఖరం గల మరువపై ప్రవాహం సుమారుగా 1.7, మరువ పొడవు, నీటి లోతు యొక్క ఒకటిన్నర ఘాతం - వీటి లబ్ధానికి సమానం. దీని ప్రకారం 11 మీటర్ల మరువపై ఈ వరద అర మీటరు లోతున పారుతుంది. కట్ట శిఖరం మరువకంటే ఒక మీటరు ఎత్తున ఉంటే ఇంకా అర మీటరు మిగులు ఉంటుంది.

యజమాని మరువ మీద 30 సెంటీమీటర్ల ఎత్తున ఇసుక బస్తాలు పేర్చితే ఆ మిగులు 20 సెంటీమీటర్లకు తగ్గుతుంది. బస్తాలు పేర్చక, దారి కోసం మరువను సగానికి, అంటే 5.5 మీటర్లకు, కుదిస్తే అదే వరద 80 సెంటీమీటర్ల లోతున పారుతుంది. అప్పుడూ 20 సెంటీమీటర్లే మిగులుతుంది. ఈ రెండు పనులూ కలిసి జరిగితే కావలసిన ఎత్తు 1.1 మీటర్లు. కట్టకు ఉన్నది ఒక మీటరే. విడివిడిగా చూచినపుడు చిన్నవిగా తోచే రెండు మార్పులు కలిసి కట్టను తెంచుతాయి. కరువు సీమలో ఒక అడుగు నీరు అదనంగా నిలుపుకోవాలన్న ఆశ న్యాయమైనదే. అందుకు మార్గం కుంటలో పూడిక తీయడం. మరువను ఎత్తడం కాదు.

ప్లాస్టిక్ పట్టా పరచిన కుంటలలో నీటిని మోటారుతో నింపుతారు కనుక మరువ అనవసరమని భావిస్తారు. మోటారు ఆపడం మరచిన రాత్రికీ వాననీటికీ పొర్లుగొట్టం తప్పనిసరి. పట్టా చిరిగితే కట్టలోకి దిగే నీరు పైకి కనిపించదు. కనుక నీటి మట్టం అకారణంగా తగ్గుతున్నదేమో గమనించాలి.

ఊటను చదవడం

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు వద్ద 1369 నాటి శాసనం చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను పేర్కొంది. కట్టనుంచి నీరు ఊరడం ఆ దోషాలలో ఒకటి. మట్టికట్టలో కొంత ఊట సహజం. ఆ నీరు తేటగా, నిలకడగా ఉంటే గమనిస్తూ ఉండవచ్చు. బురదగా మారినా, రోజురోజుకు పెరిగినా కట్టలోని మట్టి కొట్టుకొనిపోతున్నదని అర్థం. తూము గొట్టం కట్టను దాటే చోట, పాత గండి పూడ్చిన చోట, కట్ట కొసలు నేలను తాకే చోట ఈ లక్షణాలు ముందుగా కనిపిస్తాయి. బకెట్టు నిండే కాలాన్ని గడియారంతో కొలిచి తేదీతో సహా పుస్తకంలో రాయడం ఏ రైతుకైనా సాధ్యం.

యజమాని పాటించవలసిన క్రమం

వానలకు ముందు కట్టపై పొదలను, లేత మొక్కలను తొలగించాలి. పెద్ద చెట్లను నరికితే వేళ్ళను పెకలించి, ఆ గోతిని తడిమట్టితో పొరలు పొరలుగా దిమ్మిస చేయాలి. బొరియలను, నెర్రెలను తవ్వి అదే రీతిలో పూడ్చాలి. కట్ట శిఖరంపై పల్లాలను సరిచేయాలి. నీరు మొదట పొర్లేది అక్కడే. మరువను, దాని దిగువ కాలువను పూర్తిగా తెరిచి ఉంచాలి. తూము తలుపు తెరుచుకొంటున్నదో లేదో పరీక్షించాలి.

కుంట నిండుతున్నపుడు పగలు, రాత్రి కాపలా అవసరం. పూర్వం నీరుగంటి చేసిన పని ఇదే. దిగువ పాదం వద్ద బుంగ కనిపిస్తే దానిని బంకమట్టితో మూయరాదు. మూస్తే నీరు వేరొక దారి వెదుకుతుంది. ఇసుక, దానిపై చిన్న కంకర, ఆపై పెద్ద కంకర పరచాలి. నీరు బయటకు పోతుంది, మట్టి నిలుస్తుంది. వెంటనే తూము తెరిచి మట్టం తగ్గించాలి. అన్నిటికంటే ముందు దిగువవారిని హెచ్చరించాలి. వారి ఫోను నంబర్లు వానలకు ముందే యజమాని వద్ద ఉండాలి.

విస్తరణ వ్యవస్థ చేయదగినది

నీటి సంరక్షణపై రైతులకు ఇచ్చే సలహా సాధారణంగా తవ్వకం, నిలువ, వినియోగంతో ముగుస్తుంది. కట్ట భద్రత కూడా అందులో భాగం కావాలి. బుక్కరాయసముద్రం మండలంలోనే రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం, రేకులకుంట పరిశోధన స్థానం ఉన్నాయి. గ్రామీణ అనుభవ శిక్షణకు వెళ్ళే విద్యార్థులు తమ గ్రామంలోని ప్రతి సొంత కుంటకు కట్ట ఎత్తు, మరువ పొడవు, శిఖరానికీ మరువకూ గల ఎత్తు తేడా, పరీవాహక విస్తీర్ణం, దిగువనున్న మొదటి ఇంటి దూరం నమోదు చేయగలరు. ఒక టేపు, నీటి గొట్టం మట్టం, పటం ఉంటే చాలు. ఈ ఐదు అంకెలతో ఏ కట్టకు ముందుగా ఇంజనీరును పిలవాలో తేలుతుంది.

ఒకే వాగుపై వరుసగా కుంటలు ఉన్నచోట పైకట్ట తెగితే ఆ వరద కింది కట్టపై పడుతుంది. 2021 నవంబరులో పింఛ జలాశయం గండి నీరు దిగువన అన్నమయ్య జలాశయానికి చేరిన పిదప ఆ కట్ట కూడా కొట్టుకొనిపోయి చెయ్యేరు తీర గ్రామాలలో ప్రాణనష్టం జరిగింది. అవి పెద్ద కట్టడాలైనా సూత్రం కుంటలకూ అదే. కనుక నమోదు ఒక్కొక్క పొలానికి కాక వాగు వారీగా జరగాలి. మరువ కొలతలు ఒకే వాగుపై ఉన్న యజమానులందరికీ తెలియాలి.