డిసెంబరు 31న పద్నాలుగో రీచార్జి

పొద్దున్నే కాఫీ తాగుతుంటే అమ్మ ఫోన్ పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. "ఏరా, మొన్ననే కదా వేయించావు, అప్పుడే అయిపోయిందంటోంది?" మొన్న అంటే మరీ మొన్న కాదు గానీ, నెల మాత్రం తిరగలేదు. పాలకీ పేపరుకీ ఒకటో తారీఖునే లెక్క తేల్చేసే మనిషి ఆవిడ. రీచార్జి ఒక్కటే ఆ లెక్కకు లొంగదు.

కాగితం మీద వేసి చూశాను. 2026 జనవరి 1న 28 రోజుల ప్లాన్ వేయించామనుకోండి. రెండోది ఫిబ్రవరిలో కాదు, జనవరి 29నే. ఆ తర్వాత ఫిబ్రవరి 26, మార్చి 26, ఏప్రిల్ 23... ఇలా వెనక్కి జరుగుతూ జరుగుతూ నవంబరు 5న పన్నెండోది. డిసెంబరు 3న పదమూడోది. 28ని 13తో గుణిస్తే 364. ఏడాదికి 365 రోజులు కాబట్టి ఒక్క రోజు తక్కువ. ఆ ఒక్క రోజు కోసం డిసెంబరు 31న పద్నాలుగో రీచార్జి. 28 రోజుల నెల మన క్యాలెండరులో ఒక్కటే ఉంది, అదీ లీపు సంవత్సరం కాకపోతే. కంపెనీల క్యాలెండరులో అన్నీ ఫిబ్రవరులే.

డబ్బుల్లో చూద్దాం. లెక్క కోసం ప్లాన్ 300 రూపాయలు అనుకుంటే, నెలకు 300 చొప్పున ఏడాదికి 3,600 అవుతుందని మన మనసు చెబుతుంది. పదమూడు సార్లు వేయిస్తే అయ్యేది 3,900. అంటే నెలకు 325. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు, 28 అని పైనే రాసి ఉంది. దాన్ని నెల అనుకున్నది మనం. 84 రోజుల ప్లాన్‌ను మూడు నెలలు అనుకోవడమూ ఇలాంటిదే: నాలుగుసార్లు వేయిస్తే 336 రోజులు, ఇంకా 29 రోజులు మిగిలే ఉంటాయి.

ఈ గోల టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దాకా వెళ్లింది. ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాను, ప్రతి నెలా అదే తేదీన వేయించుకునే ప్లాను ఇంకొకటి పెట్టాలని 2022 జనవరిలో ఆదేశించింది. అవి ఉన్నాయి. యాప్‌లో కిందికి, ఇంకా కిందికి వెళ్తే కనపడతాయి. ఏ ప్లాన్ అయినా ధరను రోజులతో భాగించి చూడటం ఒక్కటే నాకు తెలిసిన మందు.

మా ఇంట్లో రెండో గొడవ ఇంటర్నెట్ స్పీడు. 100 ఎంబీపీఎస్ కనెక్షన్. 2 జీబీ సినిమా దించుకుంటే 20 సెకన్లలో అయిపోవాలని మా అబ్బాయి వాదన: 2,000 ఎంబీని 100తో భాగించాడు. పట్టింది 2 నిమిషాల 40 సెకన్లు, అదీ అంతా సవ్యంగా ఉంటే. వాడి భాగహారంలో తప్పులేదు, కొలతలో ఉంది. స్పీడును బిట్లలో చెబుతారు, సినిమా సైజును బైట్లలో చెబుతారు. మనం తవ్వెడు బియ్యం అడిగితే కొట్టువాడు సోలల్లో లెక్క చెప్పినట్టు. తవ్వకు రెండు సోలలైతే, బైటుకు ఎనిమిది బిట్లు. 100ని 8తో భాగిస్తే 12.5. సెకనుకు వచ్చేది అన్ని మెగాబైట్లే. ఇంగ్లీషులో బిట్టుకు చిన్న బి, బైటుకు పెద్ద బి రాస్తారు. తెలుగులో రాస్తే ఆ తేడా కూడా కనపడదు.

సరే, పెంచుదామని 200 ప్లాన్ తీసుకున్నాం. స్పీడ్ టెస్ట్ పెడితే 94. మర్నాడు పెట్టినా 94. రోజుకో అంకె వస్తే నెట్ బాగాలేదనుకోవచ్చు, రోజూ అదే అంకె వస్తుంటే ఎక్కడో ఏదో అడ్డుపడుతోందని అర్థం. నెట్ కంపెనీ నుంచి వచ్చిన కుర్రాడు ఏమీ మాట్లాడకుండా రౌటర్‌ని తిరగేసి, ఫోన్ లైటు వేసి, వెనకున్న సన్నక్షరాలు చూపించాడు: 10/100. దాని పోర్టు దాటనిచ్చేది 100 దాకానే, అందులో పైఖర్చులు పోను చేతికొచ్చేది 94. నెలనెలా 200కి డబ్బు కడుతున్నాం, గుమ్మం దగ్గర సగం ఆగిపోతోంది. కొత్త రౌటర్ పెట్టాక కూడా ఇదే కనపడితే వైరు చూడమని చెప్పి వెళ్లాడు. లాన్ కేబుల్లో ఎనిమిది తీగలుంటాయి. 100కి నాలుగు చాలు, వెయ్యి దాకా వెళ్లాలంటే ఎనిమిదీ కావాలి. తలుపు సందులో నలిగి, 100కి అక్కర్లేని ఆ మిగతా నాలుగింటిలో ఒక్క తీగ తెగితే చాలు, నెట్ ఆగదు, చడీచప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది. మీ ఇంట్లో కూడా స్పీడు కదలకుండా 94 దగ్గరే నిలబడుతుంటే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసే ముందు ఈ రెండూ చూసుకోండి.

ఇలాంటిదే 1 టీబీ హార్డ్ డిస్కు. కంప్యూటరుకు తగిలిస్తే 931 జీబీ అంటుంది. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కేస్తాడు, విండోస్ 1,024 చొప్పున లెక్కేస్తుంది. కిలోబైటు దగ్గర ఈ తేడా 2.4 శాతమే. మెట్టు ఎక్కేకొద్దీ పెరిగి టెరాబైటు దగ్గరికొచ్చేసరికి పది శాతం. 1,024 లెక్కకు వేరే పేర్లుండాలని 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ గిబిబైటు, మెబిబైటు అని పెట్టింది. ఆ పేర్లు బజార్లో ఎవరి నోటా నేను వినలేదు.

పవర్ బ్యాంకు సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. 10,000 ఎంఏహెచ్ అన్నది లోపలి బ్యాటరీ అంకె, 3.7 వోల్టుల దగ్గర. బయటికి 5 వోల్టుల్లో ఇస్తుంది కాబట్టి అది 7,400 అవుతుంది, వేడిగా పోయేది పోగా ఆరు వేల చిల్లర. 5,000 బ్యాటరీ ఉన్న ఫోన్ రెండుసార్లు నిండదు.

ఏసీ టన్ను అయితే మరీ తమాషా. అది బరువూ కాదు, కరెంటూ కాదు. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో చల్లదనాన్ని మంచుగడ్డల్లో కొలిచేవాళ్లు. ఒక టన్ను, అంటే 907 కిలోల మంచు, 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడి లాక్కుంటుందో అంత వేడిని గదిలోంచి తోడేసేదే ఒక టన్ను ఏసీ. మనమిప్పటికీ మంచుగడ్డల లెక్కలోనే ఏసీ కొంటున్నాం.

ఈ అంకెలన్నిటిలో మన చేత్తో తూచి చూసుకోగలిగింది ఒక్క గ్యాస్ బండే. లోపల ఉండాల్సిన గ్యాస్ 14.2 కిలోలు. ఖాళీ బండ బరువు ఒక్కో బండకు ఒక్కోలా ఉంటుంది, ఆ అంకె బండ మీదే రాసి ఉంటుంది. 15.8 అని ఉంటే, 14.2 కలిపి నిండు బండ 30 కిలోలు తూగాలి. పక్కనే ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, దాని పక్కన సంవత్సరం కనపడతాయి. అది గ్యాస్ పాడైపోయే తేదీ కాదు, బండకు మళ్లీ పరీక్ష చేయించాల్సిన గడువు. ఏడాదిని నాలుగు భాగాలు చేసి అక్షరాలు పెట్టారు: ఎ-27 అంటే 2027 మార్చి నెలాఖరు లోపు, డి-27 అంటే ఆ డిసెంబరు లోపు.

మా అమ్మ రీచార్జి లెక్క నాకు వదిలేసింది గానీ, ఈ లెక్క మాత్రం ఎవరికీ వదల్లేదు. బండ తెచ్చిన అబ్బాయిని కాటా తెమ్మంటుంది, తూకం చూశాకే డబ్బులిస్తుంది. తూచి ఇవ్వమని అడిగే హక్కు మీకూ ఉంది. ఈసారి బండ వచ్చినప్పుడు అడగండి.