పచ్చగా కనపడేదంతా పంట కాదు!

దర్శి ప్రాంతంలో వాన మొహం చాటేస్తే కంది బెట్టకొచ్చి పూత రాలుద్ది. పక్కనున్న చిల్లచెట్లు, సుబాబుల్, జామాయిల్ మాత్రం పచ్చగానే ఉంటాయి. మరి ఆకాశంలోంచి చూసే ఉపగ్రహానికి ఏది పంటో, ఏది కంపో ఎట్టా తెలుసుద్ది? కరవు నిర్ధారణలో ఉపగ్రహ చిత్రాలనూ పరిగణిస్తున్నారు కాబట్టి ఈ సంగతి రైతులు తెలుసుకోవాలి.

ఎలా చూస్తుంది?

ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్రని వెలుగును పీల్చుకుంటుంది. కంటికి కనపడని పరారుణ కిరణాలను వెనక్కి పంపుతుంది. ఆకు వాడితే ఈ తేడా తగ్గుతుంది. దాన్ని లెక్కగట్టి పచ్చదనాన్ని అంచనా వేస్తారు. పట్టణాల్లో పార్కులు, చెట్లు ఏటేటా ఎంత తరుగుతున్నాయో చూసేదీ ఇలాగే.

మన దేశం 1988లో ఐఆర్ఎస్-1ఎ ఉపగ్రహాన్ని పంపింది. ఉపగ్రహాల సమాచారాన్ని హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం షాద్‌నగర్‌లో అందుకుంటుంది. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహాలు నేలను 10 మీటర్ల గళ్లుగా చూస్తాయి. అంటే ఎకరాకు సుమారు 40 గళ్లు.

చిక్కు ఎక్కడ?

గట్టు పక్క గడిలో పంట, చెట్టు కలిసిపోతాయి. చిన్న కమతాల్లో గట్లే ఎక్కువ కాబట్టి పొరపాటుకు అవకాశమూ ఎక్కువే. బీడులో మొలిచిన కంపా పచ్చగానే కనపడుద్ది. మబ్బు పడితే మామూలు చిత్రంలో చేను కనపడదు. రాడార్ ఉపగ్రహాలైతే మబ్బులోంచీ చూడగలవు.

అందుకే 2016 నాటి కేంద్ర కరవు నిర్వహణ మాన్యువల్ ఒక్క పచ్చదనాన్నే నమ్మమనలేదు. ముందు వర్షపాతం చూడాలి. తర్వాత సాగు విస్తీర్ణం, పైరు పచ్చదనం, నేలలో తేమ, చెరువులు, భూగర్భ జలాల పరిస్థితి చూడాలి. ఆపైన చేలో దిగి సరిచూడాలి.

రైతులు ఏం చేయాలి?

* వేసిన పంటను సర్వే నంబరు, విస్తీర్ణంతో సహా ఈ-పంటలో నమోదు చేయించాలి. కౌలు రైతులూ మరవకూడదు.
* నమోదైన వివరాలను రైతు సేవా కేంద్రంలో సరిచూసుకోవాలి. కందికి బదులు మరో పంట పడితే వెంటనే దిద్దించాలి.
* పరిశీలనకు సిబ్బంది వచ్చినప్పుడు చేను దగ్గరే ఉండాలి. ఎండిన మొక్కను పీకి, కాయలో గింజ పట్టిందో లేదో చూపించాలి.

ఆకు పచ్చగా ఉన్నంత మాత్రాన గింజ పట్టినట్టు కాదు. ఆకాశంలోంచి ఆకు కనపడుద్దేగాని, కాయలో గింజ కనపడదు. అది చూపించాల్సింది రైతే.